పన్ను బరువు తూచడం ఎలా?

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

మన దేశంలో పన్నులు పెరిగాయా, తగ్గాయా? ఎవర్నడిగినా జవాబు చెప్తారు గాని, దేనితో కొలిచారో చెప్పరు. సైన్సు చదివేవాణ్ణి కనుక ముందు కొలబద్ద సంగతి చూద్దామనిపించింది.

మొదటి కొలబద్ద గరిష్ఠ రేటు. 1973-74లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు, సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం. రెండు లక్షలు దాటాక సంపాదించిన ప్రతి వందలో మిగిలేది రెండు రూపాయల పావలా! వాంఛూ కమిటీ సలహా మీద 1974-75లో అది 77కి, తర్వాత 1985-86లో 50కి, 1997-98లో 30కి దిగింది. ఇప్పుడు ఆ 30 మీద సర్‌ఛార్జీ, సెస్సు అదనం.

రెండోది, దేశం మొత్తం ఉత్పత్తిలో కేంద్ర, రాష్ట్ర పన్నుల వాటా. 1950-51లో ఇది సుమారు 6 శాతం. ఈమధ్య 17, 18 శాతం. దీన్ని రోజుల్లోకి మార్చి చూడండి. జనవరి ఒకటి నుంచి దేశమంతా పన్ను కోసమే పనిచేస్తే, అప్పట్లో సంక్రాంతి వెళ్లిన వారానికి బాకీ తీరేది. ఇప్పుడు మార్చి మొదటి వారం దాకా పడుతుంది.

చూశారా చిత్రం! ఒకటి దిగింది, ఇంకోటి ఎక్కింది. ఫిజిక్సులో ఉష్ణోగ్రత వేరు, ఉష్ణం వేరు కదా. షిప్‌యార్డులో వెల్డింగు నిప్పురవ్వ మహా వేడి, కాని దానితో చెంబెడు నీళ్లు కాగవు. 97.75 అలాంటి రవ్వే. అది తగిలినవాళ్లు బహు కొద్దిమంది.

అమెరికాలోని హెరిటేజ్ ఫౌండేషన్ 1995 నుంచి వేస్తున్న ఆర్థిక స్వేచ్ఛ సూచీలో పన్నులకూ మార్కులున్నాయి. వ్యక్తుల గరిష్ఠ రేటు, కంపెనీల గరిష్ఠ రేటు, మొత్తం పన్నుల వాటా – మూడింటికీ సమాన విలువ. సూత్రం: 100 నుంచి, రేటు వర్గాన్ని 0.03తో గుణించి తీసెయ్యడమే. 30 శాతానికి 73 మార్కులు, 50కి 25. సుమారు 57.7 దాటితే సున్నా. అదే సూత్రం పాతలెక్కకు వేస్తే, 1973-74 రేటుకు సున్నా, 1950-51 నాటి 6 శాతం వాటాకు దాదాపు 99!

ఇంతా చేసి, ఎవరి జేబులోంచి పోతోందో ఈ మార్కులు చెప్పవు. వ్యవసాయాదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. ఆ అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది. కాబట్టి మొదటి కొలబద్ద మా ఇంటి గుమ్మం తొక్కదు. కాని ఇంజనులో పోసే డీజిలు మీద కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాటు రెండూ ఉన్నాయి. 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీలో డీజిలు చేరలేదు. మన పోర్టులో దిగిన సరుకు మీది సుంకం కూడా చివరికి కొనేవాడి ధరలోనే కలుస్తుంది. రసీదు ఇవ్వకుండా తీసుకునే పన్ను ఇదే.

అందుచేత మిత్రులారా, పన్ను తగ్గిందని ఎవరైనా అంటే రెండు ప్రశ్నలడగండి: ఏ కొలతతో? ఎవరికి?