పాత బండలకు కొత్త మెరుపు

ప్రశ్న: తొర్రూరులో మాది నలభై ఏళ్ల పెంకుటిల్లు. నేలకు షాబాద్ బండలు. కొన్ని కదులుతున్నాయి, నునుపు పోయింది. వాటి మీదే టైల్స్ వేయించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ గృహిణి, తొర్రూరు

జవాబు: తొందరపడకండమ్మా. కదిలే బండ మీద వేస్తే కొత్త టైల్ కూడా పగులుతుంది. పైగా నేల ఎత్తు పెరిగి తలుపులు రాసుకుంటాయి. ముందు రూపాయి బిళ్లతో ఒక్కో బండనూ కొట్టి చూడండి. డొల్లగా మోగిన వాటికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి. వాటినే లేపించి, కింద వదులైన మట్టి, సున్నం గీకించి, ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక కలిపి మళ్లీ పరిపించండి. వారం పాటు తడపండి. సందులు నింపాక మిషన్ పాలిష్ పట్టించండి. ముతక రాయితో మొదలుపెట్టి సన్న రాయితో ముగించాలి.

షాబాద్, తాండూరు బండలు రెండూ సున్నపురాయే. యాసిడ్ పోస్తే బుసబుసా పొంగి నునుపును తినేస్తుంది. చింతపులుసు ఒలికినా మచ్చే, వెంటనే తుడిచేయండి. తెల్లటి ఉప్పు పొర పదే పదే తేలుతుంటే కింద చెమ్మ ఉన్నట్టు. పాలిష్‌కు ముందే గోడల వెంట వాననీరు నిలవకుండా చూసుకోండి.