ఫోన్ పోయినా మీ లెక్క పోకూడదు: బ్యాకప్ పాఠం



కువైట్‌లో ఇంటిపని చేసే ఒక అక్క ఫోన్ బాత్రూమ్ కడుగుతుండగా నీళ్ల బకెట్‌లో పడిపోయింది. ఆమె ఊరి నుంచి బయల్దేరేటప్పుడు కొడుకు ఆ ఫోన్‌లో తెలుగు పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, ఇంటి నంబర్లు మొదటి పేజీలోనే కనబడేలా సర్ది ఇచ్చాడు. కొత్త ఫోన్ కొంటే అంతా ఇంగ్లీషు, చీమల్లాంటి అక్షరాలు. అంతవరకైతే ఎలాగో సర్దుకునేది. కానీ నాలుగు నెలల జీతం బాకీ ఉంది. "వచ్చే నెల ఇస్తా" అని మేడమ్ పంపిన వాయిస్ మెసేజ్‌లు, కాంట్రాక్ట్ ఫోటో అన్నీ ఆ పాత ఫోన్‌లోనే ఉన్నాయి.

విచిత్రం ఏమిటంటే బ్యాకప్ ఉంది! కానీ ఏ జీమెయిల్‌లో ఉందో ఆమెకు తెలియదు. ఫోన్ కొన్న రోజు షాపతను ఏదో జీమెయిల్ కొట్టి ఇచ్చాడు. ఇప్పుడు పాస్‌వర్డ్ అతనికీ గుర్తులేదు. బీరువాలో సామాను భద్రంగానే ఉంది, తాళంచెవి లేదు.

కాబట్టి బ్యాకప్ ఆన్ చేసే ముందు చూసుకోవాల్సింది, అది ఎవరి ఖాతాలోకి వెళ్తోంది అని.

1. ముందు జీమెయిల్ మీది చేసుకోండి

సెట్టింగ్స్ తెరిచి "గూగుల్" నొక్కండి. పైన కనబడే జీమెయిల్ ఎవరిది? పాస్‌వర్డ్ మీకు తెలుసా? తెలియకపోతే ఈ శుక్రవారమే మీ పేరున కొత్తది తీసుకోండి, డబ్బేమీ కట్టక్కర్లేదు. జీమెయిల్, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఊళ్లో నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచండి. షాపువాళ్లకు, సూపర్‌వైజర్‌కు చెప్పకండి.

ఇంకో మాట. ఆ ఖాతాకు ఇక్కడి సిమ్ నంబర్ ఒక్కటే ఇచ్చి ఉంటే, వీసా రద్దయి సిమ్ పోయిన రోజు కోడ్ ఎక్కడికి వస్తుంది? అందుకే రికవరీ నంబర్‌గా ఊళ్లో ఇంటివాళ్ల నంబర్ పెట్టండి.

2. సెట్టింగ్స్ బ్యాకప్

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, గూగుల్, బ్యాకప్ అనే వరసలో వెళ్లండి. కొన్ని ఫోన్లలో దారి కొంచెం వేరుగా ఉంటుంది. అప్పుడు సెట్టింగ్స్ పైనుండే వెతికే గడిలో "బ్యాకప్" అని కొట్టండి. ఆన్ చేసి "బ్యాక్ అప్ నౌ" నొక్కండి. వైఫై ఉన్నచోట చేస్తే డేటా ఖర్చు కాదు.

ఇందులో ఫోన్ సెట్టింగ్స్, యాప్‌ల జాబితా, కాల్ లిస్టు, ఎస్ఎంఎస్‌లు దాచబడతాయి. కాంటాక్ట్ నంబర్లు మాత్రం ఫోన్‌లోనో సిమ్‌లోనో కాకుండా జీమెయిల్‌లో సేవ్ అయ్యేలా చూసుకోండి.

మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఫోన్ 57 రోజులు వాడకుండా పక్కన పడేస్తే ఈ బ్యాకప్ చెరిగిపోవచ్చు. కొత్త ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్ బ్యాకప్ పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి ఎక్కదు, సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు ఇది చూసుకోండి. తిరిగి ఎక్కించేటప్పుడు పాత ఫోన్ స్క్రీన్ లాక్ నంబర్ అడగొచ్చు, అది మర్చిపోవద్దు.

3. ఇందులో రానివి: ఫోటోలు, వాట్సాప్

చాలామంది మోసపోయేది ఇక్కడే. "బ్యాకప్ ఆన్‌లో ఉంది కదా" అనుకుంటారు. ఫోటోలకు గూగుల్ ఫోటోస్‌లో వేరే బ్యాకప్ ఆన్ చేయాలి. వాట్సాప్‌కు మళ్లీ వేరే: వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్. ఏ జీమెయిల్‌లోకి వెళ్తోందో అక్కడే కనిపిస్తుంది. వాట్సాప్ తిరిగి రావాలంటే అదే ఫోన్ నంబర్, అదే జీమెయిల్ రెండూ ఉండాలి.

ఈ మూడింటికీ కలిపి గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. పండగ వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలతో అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. అవి తీసేయండి, కాంట్రాక్ట్ ఫోటో ఉంచండి.

జీతం గురించి మాట్లాడిన చాట్‌ను విడిగా కూడా దాచుకోండి. ఆ చాట్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, "మోర్"లో "ఎక్స్‌పోర్ట్ చాట్" నొక్కి మీ జీమెయిల్‌కే పంపుకోండి. వాయిస్ మెసేజ్‌లు కూడా కావాలంటే మీడియాతో కలిపి పంపమని ఎంచుకోండి. అలా పంపాక కూడా ఫోన్‌లోని అసలు చాట్ చెరపకండి.

4. ఏ కాగితాలు దాచాలి?

పాస్‌పోర్ట్, వీసా, సివిల్ ఐడీ లేదా ఇక్కడి గుర్తింపు కార్డు, కాంట్రాక్ట్ అన్ని పేజీలు, జీతం రసీదులు, బ్యాంకులో జీతం పడిన మెసేజ్, ఊరికి డబ్బు పంపిన రసీదులు, ఏజెంట్‌కు కట్టిన సొమ్ము రసీదు. సైట్ పని చేసే అన్నలు రోజూ ఎక్కిన గంట, దిగిన గంట నోట్‌బుక్‌లో రాసి వారానికోసారి ఫోటో తీయండి. ఓవర్‌టైమ్ అడిగినప్పుడు నోటిమాట కన్నా ఆ పుస్తకం గట్టిగా నిలబడుతుంది.

కువైట్‌లో ఇంటిపనివాళ్లకు 2015లో వచ్చిన 68వ నంబర్ చట్టం ఉంది. వారానికి ఒకరోజు సెలవు, కాంట్రాక్ట్ పూర్తయ్యాక ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ముగింపు సొమ్ము అందులో ఉన్నాయి. హక్కు చట్టంలో ఉన్నా, ఎన్నేళ్లు చేశారో, ఎంత జీతమో చూపించే కాగితం మీ చేతిలో ఉంటే మాట నెగ్గుతుంది.

ఒక జాగ్రత్త: మీ కాగితాలు, మీకొచ్చిన మెసేజ్‌లు దాచుకోండి. ఇంటివాళ్ల ఫోటోలు, వీడియోలు మాత్రం దొంగచాటుగా తీయకండి. గల్ఫ్ దేశాల్లో అది మీ మీదే కేసవుతుంది.

5. కొత్త ఫోన్ వచ్చిన రోజు

మొదటిసారి ఆన్ చేయగానే పాత డేటా తెచ్చుకుంటారా అని అడుగుతుంది. తొందరపడి "స్కిప్" నొక్కకండి. మీ జీమెయిల్, పాస్‌వర్డ్ కొట్టి పాత ఫోన్ పేరు ఎంచుకోండి. వాట్సాప్ పెట్టాక "రీస్టోర్" అడిగితే ఒప్పుకోండి, అప్పుడు వద్దంటే తర్వాత కష్టం. పాత ఫోన్ అమ్మేముందు అన్నీ కొత్తదానిలోకి వచ్చాయో లేదో చూసి, అప్పుడే చెరపండి.

ఇంటికి వెళ్లిపోయేవాళ్లు సిమ్ రద్దుకాకముందే ఈ పనులన్నీ ముగించుకోవాలి. ఎయిర్‌పోర్టులో గుర్తొస్తే లాభం లేదు.

ఈ శుక్రవారం అరగంట దీనికి పెట్టండి. మీకు వచ్చాక పక్క మంచం తమ్ముడికి, పక్కింటి అక్కకు నేర్పండి. పాస్‌వర్డ్ మాత్రం వాళ్లనే కొట్టుకోనివ్వండి.