మట్టిపాత్రల పట్టణంలో సైకిలు యాత్ర

పాఠ్యాంశ పరిచయం

ప్రయాణ సాధనాన్ని బట్టి ఒక ఊరు మనకు అర్థమయ్యే తీరు మారుతుంది. జపాన్ దేశంలోని మషికో అనే మట్టిపాత్రల పట్టణాన్ని మార్గదర్శి వెంట సైకిలుపై దర్శించే యాత్రను ఈ పాఠం వర్ణిస్తుంది. యంత్రయుగంలో ఒక చేతివృత్తి దేనిని మార్చుకొని, దేనిని నిలుపుకొని మనగలిగిందో విద్యార్థులకు తెలియజేయడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

జపాన్ రాజధాని టోక్యోకు ఈశాన్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, తోచిగి ప్రాంతంలో మషికో పట్టణం ఉంది. ఊరి చుట్టూ వరిపొలాలు, పొలాల చివర చెట్లు దట్టంగా పెరిగిన గుట్టలు కనిపిస్తాయి. మోకా రైలుమార్గంలో శని, ఆదివారాలలో బొగ్గుతో నడిచే ఆవిరి రైలు కూడా ఇక్కడికి వస్తుంది. రైలు దిగిన యాత్రికులకు సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. మన దేశంలోవలెనే జపాన్‌లోనూ వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి కనుక భారతీయులకు దారి కొత్తగా తోచదు. మార్గదర్శి ముందు సాగుతాడు. మిగిలినవారు ఒకరి వెనుక ఒకరు బారులుతీరి అనుసరిస్తారు. మోటారు వాహనంలో వెళ్ళేవారు ఈ ఊరిని కొద్ది నిమిషాలలో దాటిపోతారు. సైకిలుపై సాగేవారికి మాత్రం పేర్చిన కట్టెల మోపులు, గోడవార ఆరుతున్న పచ్చి పాత్రలు, ఇళ్ళ నడుమ లేచిన ఆవపు పొగగొట్టాలు ఒక్కొక్కటే కంటపడతాయి.

ఈ ఊరి వృత్తికి ఆద్యుడు ఒత్సుకా కెయిజబురో. పొరుగున ఉన్న కసమాలో పని నేర్చిన అతడు, మషికోలో పాత్రలకు తగిన మన్ను ఉన్నదని గుర్తించి 1853లో ఇక్కడ ఆవం నెలకొల్పాడు. తొలినాళ్ళలో నీటి తొట్లు, జాడీలు, నూరుడు గిన్నెలు, తేనీటి కూజాలు తయారై టోక్యో వంటిళ్ళకు చేరేవి. అలంకారం కోసం వాటిని కొన్నవారు లేరు. మినగావా మసు (1874–1960) అనే స్త్రీ చిన్ననాటినుండి తేనీటి కూజాలపై కొండలను, చెట్లను, నీటిని చిత్రిస్తూ జీవించింది. రోజుకు వందల కూజాలు ఆమె చేతిమీదుగా వెళ్ళేవి.

కాలక్రమేణా వంటిల్లు మారింది. మట్టి తొట్టి, మట్టి కూజా ఉన్నచోటికి లోహపాత్రలు వచ్చి చేరాయి. ఇంటింటా వాడిన వస్తువు అక్కరలేనిదైనప్పుడు దానిని చేసే చేతులు ఏమి చేయాలి? వృత్తిని విడిచిపెట్టాలా? ఊరును విడిచిపెట్టాలా? మషికో ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. దీనికి సమాధానం వెదకినవారిలో ముఖ్యుడు హమదా షోజీ (1894–1978).

హమదా టోక్యోలో మృత్పాత్రల సాంకేతిక విద్యను అభ్యసించాడు. 1920లో ఆంగ్లేయ కళాకారుడు బెర్నార్డ్ లీచ్ వెంట ఇంగ్లండు వెళ్ళి, సెయింట్ ఐవ్స్ అనే తీరపట్టణంలో ఆవం నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. 1924లో స్వదేశానికి తిరిగివచ్చి మషికోను తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నాడు. పేరు తెలియని పనివారు నిత్యవాడుకకై చేసిన వస్తువులలోనే నిజమైన అందమున్నదని అతడూ, అతని మిత్రుడు యానగి సోయెత్సూ విశ్వసించారు. ఆ భావనకు వారు పెట్టిన పేరు ‘మింగెయ్’. ప్రజల కళ అని దాని అర్థం.

మషికో మన్ను ఇసుక కలిసిన ముతక మన్ను. పలుచని, నాజూకైన పాత్రలకు అది సులభంగా లొంగదు. విదేశాలు చూసివచ్చిన హమదా మేలురకపు మన్నును మరొకచోటినుండి తెప్పించుకోవచ్చు. అతడు ఆ పని చేయలేదు. దళసరి అంచు, నిబ్బరమైన అడుగు గల రూపాలను ఎంచుకొని, తన పనినే ఆ మన్నుకు అనుగుణంగా మలచుకున్నాడు. పూతల విషయంలోనూ అతనిది అదే మార్గం. ఇక్కడి రాతిని పొడిచేసి పూసి కాల్చితే పాత్రకు ఎరుపు కలిసిన గోధుమరంగు వస్తుంది. దానిని ‘కాకి’ రంగు అంటారు. తెలుగు కాకికీ దీనికీ సంబంధం లేదు. జపాన్ భాషలో కాకి ఒక పండు పేరు. వరి ఊకను కాల్చిన బూడిదనుండి పాలవంటి తెల్లని పూత లభిస్తుంది. యాత్రికులు కొద్దిసేపటి క్రితం సైకిళ్ళపై దాటివచ్చిన పొలాలలోని వరి, గుట్టలలోని రాయి, నేలలోని మన్ను పనిశాలలో ఒకే గిన్నెగా దర్శనమిస్తాయి.

పూతను గరిటెతో పాత్రపై ఒక్క ఊపున ధారగా పోయడం హమదా ప్రత్యేకత. ఇంత విలువైన పాత్రకు అంత స్వల్పకాలంలో అలంకరణ ముగించడమేమిటని ఒకరు అడిగినప్పుడు, ఆ పదిహేను క్షణాలకు తన అరవై ఏళ్ళ సాధనను కూడా కలుపుకోవాలని అతడు సమాధానమిచ్చాడట. జపాన్ ప్రభుత్వం 1955లో అతనిని ‘సజీవ జాతీయ నిధి’గా గౌరవించింది. అంతటి గౌరవం పొందిన తరువాత కూడా అతడు తన పాత్రలపై సంతకం చేయలేదు.

యాత్రలో తరువాతి మజిలీ హమదా నివాసప్రాంగణం. పాతకాలపు రైతుల ఇళ్ళను విప్పి తెచ్చి అతడు ఇక్కడ తిరిగి నిలబెట్టించాడు. తాను సేకరించిన దేశదేశాల చేతిపనులను ఇతరులు చూసి నేర్చుకోవడానికై 1977లో ఇక్కడే ‘సాన్‌కోకన్’ అనే ప్రదర్శనశాలను ప్రారంభించాడు. మన కుమ్మరులు సారెను కర్రతో తిప్పినట్లే హమదా కూడా తన చక్రాన్ని కర్రతో తిప్పేవాడు. ఈ పోలిక భారతీయ యాత్రికులకు ఆత్మీయంగా తోస్తుంది.

ప్రాంగణంలో, నేలవాలుపై ఒక గదికి పైన మరొక గదిగా కట్టిన కట్టెల ఆవం ఉంది. కింద రాజేసిన మంట గదినుండి గదికి పైకి పాకుతుంది. 2011 మార్చి 11న తూర్పు జపాన్‌ను కుదిపిన మహాభూకంపంలో మషికోలోని ఆవాలు అనేకం కూలిపోయాయి. ఈ ఆవమూ దెబ్బతిన్నది. ఎన్నో పాత్రలు పగిలిపోయాయి. కట్టెల ఆవం నేడు అందరికీ తప్పనిసరి కాదు. గ్యాసుతో, విద్యుత్తుతో పాత్రలను కాల్చుకోవచ్చు. అయినా మషికోవాసులు దీనిని బాగుచేసుకున్నారు. 2015లో అనేకమంది కుమ్మరులు తమ పాత్రలను ఇందులో పేర్చి, హమదా ఆవాన్ని మళ్ళీ వెలిగించారు. ఒక్కని పేరుతో ప్రసిద్ధమైన ఆవం ఆనాడు ఊరుమ్మడి ఆవమైంది.

అక్కడినుండి దారి తకదతె గుట్టపైకి మళ్ళుతుంది. ఎక్కుడు కష్టమైనచోట కొందరు దిగి సైకిలును నెట్టుకొని నడుస్తారు. పైన సైమ్యోజి అనే ప్రాచీన బౌద్ధాలయం ఉంది. అక్కడి మందిరంలో ‘ఎన్మ’ విగ్రహం నోరారా నవ్వుతూ కనిపిస్తుంది. భారతదేశపు యమధర్మరాజే బౌద్ధమతంతోపాటు ప్రయాణించి జపాన్‌లో ఎన్మగా మారాడు. ఉగ్రరూపుడైన యముణ్ణే ఎరిగినవారికి ఈ నవ్వే యముడు ఆశ్చర్యం కలిగిస్తాడు.

తిరుగుప్రయాణంలో సైకిళ్ళు జొనైజకా వీధికి చేరుతాయి. వీధికి రెండువైపులా మట్టిపాత్రల దుకాణాలే. 1966లో మొదలైన పాత్రల సంత ఏటా వసంతంలోనూ, శరత్తులోనూ ఇక్కడ జరుగుతుంది. ఇతర ప్రాంతాలనుండి వచ్చి స్థిరపడిన యువకుమ్మరులు తమకు నచ్చిన రూపాలలో చేసిన పాత్రలు కూడా అందులో ఉంటాయి. పాతకాలపు నీటితొట్టి నేడు ఎవరికీ అవసరం లేదు. దాని స్థానంలో కాఫీ గిన్నెలు, కూరల పళ్ళేలు వచ్చాయి. యొకొకావా రైల్వే స్టేషనులో 1958నుండి అమ్ముతున్న అన్నపు కుండలు మషికోలో చేసినవే. ప్రయాణికులు భోజనం ముగించాక ఖాళీ కుండను ఇంటికి తీసుకొనిపోతారు.

మషికో తన వస్తువులను మార్చుకుంది; కొత్తవారికి చోటిచ్చింది; కూలిన ఆవాన్ని తిరిగి కట్టుకుంది. పాత్ర అన్నది వాడుకకే అన్న నియమాన్ని మాత్రం వదులుకోలేదు. అందుచేతనే ఇక్కడ గిన్నె కొనే యాత్రికుడు మొదట దానిని రెండు చేతులతో పట్టి చూస్తాడు. బరువు చేతికి సరిపోయిందా, అంచు పెదవికి ఒరుసుకోకుండా ఉన్నదా అని పరీక్షిస్తాడు. వెల అడిగేది ఆ తరువాతనే.

అభ్యాసం

కఠిన పదాలకు అర్థాలు
ఆవం = కుమ్మరి పాత్రలు కాల్చే కొలిమి
సారె = కుమ్మరి చక్రం
మృత్పాత్ర = మట్టితో చేసిన పాత్ర
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. మషికో వృత్తి ఎదుర్కొన్న సంక్షోభాన్ని, దానిని ఆ పట్టణం అధిగమించిన విధానాన్ని వివరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. హమదా షోజీ స్థానిక మన్నునే ఎంచుకోవడంలోని విశేషాన్ని తెలపండి.
2. హమదా ఆవం ‘ఊరుమ్మడి ఆవం’ ఎట్లా అయింది?
3. మీ ప్రాంతంలోని ఒక చేతివృత్తిలో వచ్చిన మార్పులను గమనించి రాయండి.