గేటు దగ్గర మొదలయ్యే కొలువు

తెల్లవారకముందే ఉస్మానియా క్యాంపస్‌లో పరుగు తీసే యువతీ యువకుల్లో చాలామందికి గురి ఒక్కటే: పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్. పగలంతా తార్నాక చుట్టుపక్కల స్టడీ హాళ్లలో బిట్లు, మాక్ టెస్టులు. ఈ తయారీలో నిమిషాలూ సెంటీమీటర్లూ మార్కులూ లెక్కలోకి వస్తాయిగానీ, యూనిఫాం ఒంటిమీదికి వచ్చాక చేయాల్సిన పని ఎలాంటిదన్న ఆలోచన అరుదు. గుడి, మసీదు, చర్చి, మెట్రో స్టేషన్, మాల్... జనం కిక్కిరిసే ఇలాంటి చోట్లను కాయడం కండబలం పని అనుకుని వచ్చేవాళ్లు సగం దారిలోనే విసిగిపోతారు. అది చూపు పని, మాట పని, రాత పని. ఈ మూడూ పట్టుబడితే నోటిఫికేషన్ ఆలస్యమైనా దారి మూసుకుపోదు.

కాపలా కండబలం పని కాదనడానికి హైదరాబాద్ చూసిన చేదు రోజులే సాక్ష్యం. 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో వజూఖానా దగ్గర బాంబు పేలింది. పేలకుండా మిగిలిన మరొకటి ఆ ఆవరణలోనే దొరికింది. అదే ఏడాది ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో జరిగిన పేలుళ్లు 42 మందిని పొట్టన పెట్టుకున్నాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు సైకిళ్లకు తగిలించి ఉన్నాయి. అన్నిచోట్లా తెచ్చినవాడు పెట్టేసి వెళ్లిపోయాడు. ఎదురుగా మనిషే లేనప్పుడు తుపాకీ ఎవరికి గురిపెట్టాలి? అక్కడ పనికొచ్చేది ‘ఈ సంచి ఎవరిదండీ?’ అని గట్టిగా అడిగే గొంతు, జవాబు రాకపోతే జనాన్ని దూరం జరిపి, ముట్టుకోకుండా, ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిన బుర్ర. తుపాకులతోనే వచ్చి పడితే? 2002 సెప్టెంబర్‌లో గాంధీనగర్ అక్షరధామ్‌లో అదే జరిగింది, ఎన్ఎస్‌జీ కమాండోలు దిగాల్సి వచ్చింది. కానీ కమాండోలు చేరేలోగా ప్రధాన ఆలయంలోని భక్తులకు అడ్డుగోడ అయినవి, సిబ్బంది చప్పున మూసేసిన తలుపులే. 2019 ఈస్టర్ నాడు శ్రీలంకలోని బట్టికలోవాలో, జియాన్ చర్చికి సంచి తగిలించుకుని వచ్చిన కొత్త మనిషిని రమేశ్ రాజు అనే సభ్యుడు ప్రశ్నలు వేసి లోపలికి రానివ్వలేదు. బాంబు బయటే పేలింది. ఆయనా, మరెందరో పిల్లలూ పోయారు. అదే హాల్లో పేలి ఉంటే నిండుగా ఉన్న జనం గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఆయన చేతిలో లాఠీ కూడా లేదు.

దేవుడి దగ్గరికి వచ్చినవాళ్లను అనుమానించడమే ఉద్యోగమా, చివరికి గడ్డం చూసో బొట్టు చూసో ఆపడంగా మారదా అన్నది తేలిగ్గా కొట్టిపారేయలేని అభ్యంతరం. మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకున్న ముస్లిం యువకులు నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటి ప్రభుత్వం పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. ముఖం చూసి నడిపే దర్యాప్తు అమాయకుల్ని కాల్చుకుతింటుంది, అసలువాళ్లకు వెసులుబాటు ఇస్తుంది. దీనికి అవతలి కొస మాంచెస్టర్. 2017 మే 22న అక్కడి సంగీత కచేరీ ముగిసే వేళ బాంబు పేలి 22 మంది చనిపోయారు. కాసేపటి ముందే ఒక కుర్ర గార్డుకు ఆ బాంబు తెచ్చిన మనిషి మీద అనుమానం వచ్చింది. తప్పయితే తనను జాతివివక్షగాడు అంటారేమోనని జంకాడని, రేడియోలో కంట్రోల్ రూమును అందుకోలేకపోయాడని విచారణలో తేలింది. ఈ రెంటికీ విరుగుడు ఒకటే: మనిషి ఎవరని కాదు, ఏం చేస్తున్నాడని చూడటం. ఎండలో బరువైన కోటు, మూడుసార్లు అదే గేటు దగ్గరికి రావడం, సంచి వదిలి కదలడం. ‘నమస్కారమండీ, ఎవరి కోసం చూస్తున్నారు?’ అనే పలకరింపుకు మతం అడ్డురాదు. ఇది పుట్టుకతో వచ్చే నేర్పు కాదు, నేర్పిస్తే వచ్చేది. సైకాలజీ చదివినవాళ్లకూ ఈ రంగంలో చోటుందని ఇక్కడే తెలుస్తుంది.

మూడోది రాత. దిల్‌సుఖ్‌నగర్ కేసులో 2016 డిసెంబర్‌లో అయిదుగురికి పడిన ఉరిశిక్షను 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఖాయం చేసింది. మక్కా మసీదు కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ 2018 ఏప్రిల్‌లో ఎన్ఐఏ కోర్టు నేరం రుజువు కాలేదని వదిలేసింది. రెండు కేసుల తేడాకు కారణాలు ఎన్నో ఉండవచ్చు. కోర్టు మాత్రం చేతికందిన సాక్ష్యాన్నే తూస్తుంది. గేటు రిజిస్టర్‌లో వేళ సరిగా పడిందా, కెమెరా రికార్డింగ్ చెరిగిపోకుండా ఉందా, పేలిన చోట ముక్కలు తొక్కేయకుండా తాడు కట్టారా అన్న చిన్న పనులే పెద్ద తీర్పులకు పునాది. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల తర్వాత 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం పెద్దగా చేరే సంస్థలూ ప్రార్థనా స్థలాలూ సీసీ కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగ్ దాచాలంటోంది. కెమెరాలు పెడితే చాలదు, చూడటం తెలిసినవాళ్లు కావాలి. సైన్స్ విద్యార్థులకు ఉస్మానియాలోనే ఫోరెన్సిక్ సైన్స్ పీజీ ఉంది. తార్నాకకు దగ్గర్లో, రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది.

ఇక అందరి నోటా వచ్చే మాట: సెక్యూరిటీ ఉద్యోగమంటే పన్నెండు గంటల నిలువుకాళ్ల డ్యూటీ, అరకొర జీతం, ‘ఏయ్ వాచ్‌మన్’ అన్న పిలుపు. అబద్ధం కాదు. అందుకే ఏజెన్సీలో చేరే ముందే చట్టం తెలుసుకోండి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు గార్డుకు 100 గంటల తరగతి, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలంటాయి, పదిహేను మందికి మించకుండా ఒక సూపర్‌వైజర్‌ను పెట్టమంటాయి. శిక్షణ సర్టిఫికెట్ ఇవ్వకుండా యూనిఫాం మాత్రం తొడిగే ఏజెన్సీ వైపు వెళ్లకండి. డిగ్రీ ఉన్నవాళ్లు గార్డుగా చేరినా సూపర్‌వైజర్, కంట్రోల్ రూమ్ మెట్లవైపు చూడాలి. సర్కారు దారిలో పదో తరగతితో ఎస్ఎస్‌సీ జీడీ ద్వారా సీఐఎస్ఎఫ్ ఉంది. ఆ దళం జాతీయ అకాడమీ హకీంపేటలోనే. డిగ్రీతో ఎస్సై స్థాయి పరీక్షలున్నాయి. రైళ్లూ ప్లాట్‌ఫాంలూ కాసే ఆర్పీఎఫ్‌కు మౌలాలీలో శిక్షణ కేంద్రం ఉంది. రాష్ట్ర పోలీసు నియామక మండలి భర్తీచేసే స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్‌ను మన అభ్యర్థులు చివరి ఆప్షన్‌గా పెడతారు, ముఖ్యమైన కట్టడాల భద్రతకే పుట్టిన దళం అదేనని తెలియక.

దాడులు ఎప్పుడో ఒకసారి, దానికోసం ఇంత చదువా? మిగతా రోజుల్లో ఇదే నేర్పు తొక్కిసలాటల్ని ఆపుతుంది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార టోకెన్ల దగ్గర ఆరుగురు, నవంబర్ 1న కాశీబుగ్గ వేంకటేశ్వర ఆలయంలో తొమ్మిది మంది పోయారు. బాంబు లేదు, శత్రువు లేడు. రద్దీని ముందే పసిగట్టి ఎక్కడికక్కడ ఆపే మనిషి కొరవడ్డాడు. ఈసారి మౌలాలీ గుట్టపై ఉర్సుకో, కాలనీ గుడిలో ముక్కోటికో వెళ్లినప్పుడు ఒక కాగితం పట్టుకెళ్లండి: దారులెన్ని, గేట్లు లోపలికి తెరుచుకుంటాయా బయటికా, చెప్పుల కుప్ప దారికి అడ్డుందా, అంబులెన్స్ ఎంతవరకు రాగలదు. గీసి తేదీ వేయండి. భద్రతా ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘ఎందుకు ఈ ఉద్యోగం?’ అని అడిగితే ఆ కాగితం బల్లమీద పెట్టవచ్చు.