మిద్దె తోట – భూగోళ పాఠము

భూగోళశాస్త్రమనగానే నదుల పేర్లు, రాజధానుల పేర్లు వల్లించుటయే మన పిల్లలకు తెలియును. తాము త్రాగు నీరు ఏ చెరువునుండి వచ్చునో అడిగినచో పలువురు చెప్పజాలరు. చెన్నైలో ఇది చిన్న లోపము కాదు.

2015 డిసెంబరులో ఈ నగరము వరదలో మునిగినది. నాలుగేండ్లు నిండకుండగనే, 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయములు దాదాపు ఎండిపోయినవి. ఆ జూలైలో జోలార్‌పేట నుండి రైలులో నీరు తెప్పించవలసి వచ్చెను. నీటికి జమా ఖర్చు చూడనిచో ఏమగునో ఈ రెండును చెప్పుచున్నవి.

ఈ లెక్క నేర్పుటకు నాలుగు కుటుంబములు కలిసి పెంచు మిద్దె తోట మంచి బడి. సెల్‌ఫోను దానికి పలక.

మొదటిది వాన. నిలువు గోడలు గల సీసా, ఒక స్కేలు చాలును. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు వాన పడిన 1 లీటరు నీరు. 100 చదరపు మీటర్ల మిద్దెపై 10 మిల్లీమీటర్లు పడిన 1,000 లీటర్లు. ప్రతి ఉదయము ఎనిమిదిన్నరకు కొలిచి, ఫోనులోని పట్టికలో వ్రాసి, వాతావరణ శాఖవారి నుంగంబాక్కం లెక్కతో పోల్చవలెను.

రెండవది భూమి. ఇస్రోవారు 2009లో ప్రారంభించిన ‘భువన్’ పటములో తమ వీధిని గుర్తించి, వాననీరు ఏ పల్లమునకు పోవునో చూడవలెను. పూండి నుండి కాలువ వెంబడి ఉత్తరముగా పోయినచో ఆంధ్రదేశమందలి కండలేరు జలాశయము వచ్చును. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందము ననుసరించి కృష్ణ నీరు 1996లో పూండి చేరినది.

మూడవది జీవము. ప్రతి వారము ఒకే చోటినుండి ఫోటో తీసి, ఏ పూవుపై ఏ పురుగు వ్రాలెనో, ఆకుల చెత్త ఎన్నాళ్లకు ఎరువయ్యెనో వ్రాయవలెను. చెత్తతో పూడిన అడయారు ఉప్పుటేటి భూమిలో 58 ఎకరములను బాగుచేసి 2011లో తొల్కాప్పియ పూంగాగా తెరచిరి. ఆ మార్పును గూగుల్ ఎర్త్ పాత చిత్రములలో చూపవచ్చును.

ఫోను చేతికిచ్చిన పిల్లలు దానికే అంటుకొందురను భయము న్యాయమే. కావున కొలత వ్రాసిన వెంటనే అది పెద్దల చేతికి రావలెను. మట్టి తడి మాత్రము వ్రేలితోనే తెలిసికొనవలెను.

చెన్నైకి ముఖ్య వర్షకాలము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. సెప్టెంబరులో తోట నాటి, మూడు నెలల చిట్టాను డిసెంబరు చివర కూడవలెను. ఆ మొత్తము ప్రక్కన, వేసవిలో నీటి లారీకి చెల్లించిన సొమ్ము వ్రాసి చూపినచో, మన బిడ్డలకు వేరే ఉపన్యాసమక్కరలేదు.