మన పళ్లెము, పొరుగువాని చేను

పఠనభాగములు: ఆదికాండము 2:8–15, సామెతలు 20:14, రోమా 14:13–19



గడచిన కోతపండుగనాడు మన సంఘములో జరిగిన యొక చిన్న సంగతితో ఈ నెల పాఠమును ఆరంభింతము.

ఆ దినమున బల్లయొద్ద ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు ఉంచబడెను. వాటి నడుమ రెండు గంపల వంకాయలు ఉండెను. ఒక గంపలోనివి నూనె రాచినట్లు నిగనిగలాడుచుండెను. రెండవ గంపలోనివి చిన్నవి; కొన్నిటికి పుచ్చు ఉండెను. వేలములో మొదటి గంపకు పోటీపడి పాట పాడితిమి. రెండవ గంపను ఎవరును అడుగలేదు. మా యింటికి సహితము నిగనిగలాడు కాయలే వచ్చెను.

ఆ రెండవ గంప తెచ్చిన సహోదరుని సంగతి మీలో అనేకులకు తెలియును. రెండేండ్ల క్రిందట ఆయన పెద్దకుమారుడు పురుగుమందు కొట్టుచు చేనిలోనే కండ్లు తిరిగి పడిపోయెను. మూడు దినములు ఆసుపత్రిలో ఉండెను. మనమందరము ప్రార్థించితిమి, దేవుడు అతనిని లేవనెత్తెను. నాటినుండి తండ్రి మందుకొట్టు పంపు ముట్టక, కషాయములతోనే కూరగాయలు పండించెను. పండుగ మరునాడు మేము ఆయన యింటికి వెళ్లినప్పుడు ఆయన నవ్వుచునే ఇట్లనెను: "అయ్యగారూ, నా వంకాయ పురుగుకైనా నచ్చింది గాని, మనవాళ్లకు నచ్చలేదండీ." ఆ మాట మాకు ముల్లువలె గుచ్చుకొనెను. తరువాతి పంటకు ఆయన పంపును మరల భుజమున వేసికొనెను.

కుమారుని కొరకు ప్రార్థించిన మనమే తండ్రిని ఆ పంపు దగ్గరకు తిరిగి పంపితిమి కదా! దీనిని గూర్చి వాక్యపు వెలుగులో యోచింతము.

1. సాగు, కాపుదల

దేవుడు మొదటి మనుష్యుని తోటలో ఉంచి రెండు పనులు అప్పగించెను. ఒకటి సాగు చేయుట, రెండవది కాపాడుట. మొదటి పని మనము మరువలేదు. రెండవ దానిని మరచితిమి.

పురుగుమందు పంటను తిను పురుగునే గాక, ఆ పురుగును తిను అక్షింతల పురుగును, సాలీడును కూడ చంపును. కాపలావారు చచ్చిన చేనిలో శత్రువు మరింత బలముగా తిరిగి వచ్చును. రైతు మరింత మందు కొట్టును. 1997–98లో వరంగల్లు జిల్లా పత్తి చేలలో ఇట్లే మందుకు లొంగని పురుగు పడి, అప్పుల బాధకు అనేకమంది రైతులు ప్రాణములు తీసికొనిరి.

వేరొక మార్గము లేకపోలేదు. నేటి జనగామ జిల్లాలోని ఏనబావి అను చిన్న పల్లె 2006లో తనను రసాయనములు లేని సేద్యపు గ్రామముగా ప్రకటించుకొనెను. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయము నేర్పబడుచున్నది. 5 కిలోల వేపగింజల పొడిని 100 లీటర్ల నీటిలో కలిపి కషాయము చేయుదురు. 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవుమూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టిని 200 లీటర్ల నీటిలో ఊరబెట్టి, ఎకరమునకు జీవామృతముగా పోయుదురు. వీటికి దుకాణపు ఖర్చు తక్కువ, చేతిపని ఎక్కువ. ఆ చేతిపనికి విలువ కట్టవలసినవాడు కొనువాడే.

2. కొనువాని నోరు

సామెతల గ్రంథకర్త సంతలోని మనలను చూచినట్లే వ్రాసెను. కొనునప్పుడు సరుకు బాగులేదని తీసిపారవేయుదుము. ఇల్లు చేరిన తరువాత చవుకగా దొరికెనని గొప్ప చెప్పుకొందుము. మచ్చ ఉన్న కాయను ప్రక్కకు నెట్టిన ప్రతిసారి, ఇంకొకసారి మందు కొట్టుమని మనము రైతుతో చెప్పినట్లే యగును. చెట్టు లోపలికి చేరు మందులు కడిగినంతమాత్రమున పోవు. పుచ్చును కత్తితో తీసివేయవచ్చును; కంటికి కనబడని విషమును ఏ కత్తి తీయును?

మందులు మానిన రైతుకు మొదటి సంవత్సరములు కష్టకాలము. సేంద్రియ పంట యని ప్రభుత్వ ముద్ర పొందుటకు ఏటేటి పంటలకు సామాన్యముగా రెండేండ్లు ఆగవలెను. ఆ రెండేండ్లు దిగుబడి తగ్గవచ్చును, ముద్ర ఉండదు, పట్టణపు ధర దొరకదు. అప్పుడు వానిని నిలుపగలవాడు పొరుగువాడే. పొరుగువానికి ముద్రతో పనిలేదు. చేను ఎరుగును, మనిషిని ఎరుగును.

3. మనము చేయదగిన పనులు

మొదటిది, పది కుటుంబములు కలిసి ఒక రైతుతో విత్తనము పెట్టకముందే మాట అనుకొనవలెను. వారమునకు ఇన్ని కిలోలు, ఈ ధరకు అని నిశ్చయించి, బజారులో ధర పడినను మాట తప్పకూడదు.

రెండవది, వారమునకు రెండు పూటలైనను మన పెద్దలు తిన్న జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నము వండుకొందము. ఈ పంటలకు వరివలె నిలువనీరు అక్కరలేదు. మందుల అవసరమును తక్కువ. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. మనము పేదల తిండియని సిగ్గుపడి విడిచినదానిని లోకము వెదకుచున్నది.

మూడవది, క్రిస్మసు ప్రేమవిందుకు కావలసిన బియ్యము, కూరగాయలు ఇట్టి రైతులయొద్దనే కొనవలెనని సంఘ పెద్దలు తీర్మానింతురుగాక.

రైతులకును ఒక మాట. మందు కొట్టిన పంటను కొట్టనిదని అమ్ముట దొంగ తూనికతో సమానము. లేవీయకాండము 19:35–36 చదువుడి.

4. ఒక హెచ్చరిక

పళ్లెమును బట్టి సహోదరునికి తీర్పు తీర్చకుడి. దినకూలితో బ్రదుకు తల్లికి రూపాయి ఎక్కువ పెట్టుట కష్టము. ఆమె చవుకైనది కొనిన తప్పు పట్టరాదు. ఆమె పెరటిలో తోటకూర గింజలు చల్లి, మునగకొమ్మ నాటి ఇచ్చుట మన పని. గిన్నెలు కడిగిన నీళ్లే వాటికి చాలును.

ఇప్పుడు ఆ సహోదరుని సంగతి. మేము మరల వెళ్లి, వేలమునాడు మా యింటివారము చేసినదానికి క్షమాపణ వేడితిమి. ఆయన కొంతసేపు మాటలాడక, "పది ఇండ్లు మాట ఇస్తే అర ఎకరం మళ్ళీ చేస్తానండీ" అనెను. మాది మొదటి ఇల్లు. తక్కిన తొమ్మిది ఇండ్ల పేర్లు రాబోవు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వ్రాసికొందుము.

ఇంటింట యోచించుటకు ప్రశ్నలు

1. ఈ వారము మనము తిన్న కూరగాయలు ఎవరు పండించిరి? మనకు తెలియునా?
2. బేరమాడి మిగిల్చిన రూపాయి ఎవరి చేతినుండి వచ్చెను?
3. మన పెద్దలు తిన్న ధాన్యములలో ఏవి మన పిల్లలు ఎరుగరు?

ప్రార్థన: నేలను చేసిన దేవా, మా కంటి ఆశచేత పొరుగువానిని నొప్పించితిమి, క్షమించుము. మాకు పెట్టు చేతులను కాపాడుము. ఇచ్చిన మాటమీద నిలుచు కృప మాకు దయచేయుము. ఆమేన్.