పాత ఇంజనుకు పాత సామాన్లు: ఏవి వేయొచ్చు, ఏవి వేయొద్దు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. కథలు, కవితలు రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ఐ.టి.ఐ. చదివి బండ్లు బాగుచేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ పనిలో నుంచే ఒక పాఠం రాస్తున్నాను.

మన హాస్టళ్లలో చదివి బయటికి వచ్చినవాళ్లకు చాలాసార్లు మొదటి ఆస్తి ఒక పాత బైకే. పాల సెంటరుకు పోవాలన్నా, మేస్త్రీ పనికి పోవాలన్నా, పార్సిళ్లు పంచాలన్నా అది లేనిదే పూట గడవదు. కొత్త బండి ఫైనాన్సులో తీసుకుంటే నెలనెలా కిస్తీ. రెండు కిస్తీలు తప్పితే బండి గుంజుకపోతరన్న భయం. అందుకే ఇంటి మూలకు పడ్డ నాన్న బండికి ఇంజన్ పని చేయించుకుందామని వస్తారు. కొత్త సామాన్ల లిస్టు రాసిస్తే ముఖం చిన్నబోతుంది. "సెకండ్ హ్యాండ్ సామాను ఏసి నడిచెటట్టు చెయ్యరాదే అన్నా" అంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు. వేయొచ్చు. కానీ ఏ సామాను అన్నదే అసలు లెక్క.

సామాను చేతిలోకి తీసుకోగానే ఇది ఇంజన్లో ఏం పని చేస్తుంది అని అడగాలి. కొన్ని ఊరికే పట్టుకొని ఉంటాయి: సైడు కవర్లు, మాగ్నెట్ కవరు, కిక్ రాడ్డు లాంటివి. ఇవి పగలకుండా, మర పోకుండా ఉంటే చాలు, పాతవి నిశ్చింతగా కొనండి. కొన్ని ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. వాటిని కొలిచి చూసి తీసుకోవాలి. కొన్ని ఆయిలునో గాలినో ఆపుతాయి: ఆయిల్ సీళ్లు, గ్యాస్కెట్లు, వాల్వు సీళ్లు. వీటిని పాతవి వేయడమంటే చిల్లుబిందెలో నీళ్లు తేవడమే. ఇక కొన్ని పైకి ఏమీ కనబడకుండా లోపల అలసిపోతాయి. ప్రాణం మీదికి తెచ్చేవి ఇవే.

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎక్కువగా కనబడే బండినే ఉదాహరణగా తీసుకుందాం. హీరో హోండా సి.డి.100 1985లో వచ్చింది, స్ప్లెండర్ 1994లో వచ్చింది. తర్వాత ప్యాషన్, సి.డి.డాన్ వచ్చాయి. 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది. ఇవన్నీ 97.2 సి.సి. ఇంజన్ కుటుంబమే. బోరు 50 మి.మీ., స్ట్రోకు 49.5 మి.మీ. పదో తరగతిలో స్తూపం ఘనపరిమాణం నేర్చుకున్నారు కదా, లెక్క వేయండి: 3.14 × 2.5 × 2.5 × 4.95 = 97 ఘన సెంటీమీటర్లు, కొంచెం ఎక్కువ. సి.సి. అంటే అదే. కుటుంబం ఒకటే కాబట్టి పాత సామాన్లు దొరకడం సులువు. అయితే 2020లో వచ్చిన బి.ఎస్.6 ఫ్యూయల్ ఇంజక్షన్ బండ్ల సామానును పాత కార్బురేటర్ బండికి గుడ్డిగా బిగించొద్దు. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ముందుగా బోరు సంగతి. మన దిక్కు బండ్లకు బోరు తొందరగా పోతుంది. డాంబరు రోడ్డు దిగితే చల్క దుబ్బ. ఆ దుబ్బలో ఉండే పలుగురాయి పొడి బోరు ఇనుము కన్నా గట్టిది. ఎయిర్ ఫిల్టర్ చినిగినా, ఫిల్టరే లేకుండా నడిపినా ఆ పొడి లోపలికి పోయి గరుకు కాగితంలా గీకుతుంది. పిస్టన్ పైకి పోయి ఆగే చోట అరుగుదల ఎక్కువ, బోరు కింది అంచున దాదాపు ఉండదు.

ఆ అరుగుదలను కొలవడానికి ఖరీదైన బోర్ గేజ్ లేకపోయినా ఒక ఉపాయం ఉంది. కొత్త పిస్టన్ రింగు ఒకటి తీసుకొని బోరులోకి దింపి, పిస్టన్ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టాలి. రింగు రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. ఒకసారి బోరు కింది భాగంలో, ఒకసారి పైన బాగా అరిగే చోట. కింద 0.30 మి.మీ., పైన 0.65 మి.మీ. వచ్చిందనుకోండి. తేడా 0.35. దాన్ని 3.14తో భాగిస్తే 0.11 మి.మీ. బోరు వ్యాసం పైన అంత పెరిగిందన్నమాట. వృత్తం చుట్టుకొలత వ్యాసానికి 3.14 రెట్లు కదా, అందుకే కంటికి కనబడని అరుగుదల రింగు సందులో మూడింతలై కనబడుతుంది. లెక్కల పుస్తకంలో 'పై' ఎందుకని అడిగే తమ్ముళ్లకు నేను ఈ రింగునే చూపిస్తాను. 0.10 మి.మీ. దాటి అరిగిన బోరులో కొత్త రింగులు వేసినా లాభం లేదు. నాలుగు రోజులు బాగానే ఉండి మళ్లీ పొగ మొదలవుతుంది.

అప్పుడు బోరింగ్ చేయించాలి. 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. పెద్ద సైజు పిస్టన్లు దొరుకుతాయి. పిస్టన్ ముందు కొని, దాన్ని లేత్ షాపులో ఇచ్చి, దాని కొలతకు బోరు చేయించాలి. బోరు చేయించి పిస్టన్ వెతకడం చెప్పు కొని కాలు కోసుకున్నట్టు. పిస్టన్, రింగులు, పిస్టన్ పిన్ కొత్తవే కావాలి. ఇంకొక బండిలో అరిగిన పిస్టన్ ఆ బోరుకు అలవాటు పడింది, మన బోరుకు కాదు. పాత బోరు బ్లాకు మాత్రం కొనొచ్చు. మన బ్లాకు అప్పటికే 1.00 దాకా పోయి ఉంటే, స్టాండర్డు సైజులోనో 0.25లోనో ఉన్న పాత బ్లాకు తెచ్చుకొని బోరింగ్ చేయించుకోవడం మంచి బేరం. ఆ బ్లాకులో ఉన్న పిస్టన్ తలమీద సైజు కొట్టి ఉంటుంది, అడిగి చూడండి. ఫిన్నులు ఒకటి రెండు విరిగినా ఫరవాలేదు గానీ బోరులో లోతు గీత ఉంటే అది ఏ సైజుకు పోతుందో లేత్ మేస్త్రీని అడగకుండా డబ్బులు ఇవ్వకండి.

కొలతల విషయంలో ఒక మాట. ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ కనీసపు కొలత 0.1 మి.మీ., స్క్రూ గేజ్ కనీసపు కొలత 0.01 మి.మీ. అని రికార్డులో రాసుకుంటాం. షెడ్డులో మైక్రోమీటర్ అనేది ఆ స్క్రూ గేజే. ఇంజన్ పనిలో బాగు, ఓగు తేలేది రెండో దశాంశ స్థానంలో. అందుకే "చూస్తే మంచిగనే ఉంది" అనే మాట నేను నమ్మను.

హెడ్డు పాతది తీసుకోవచ్చు. అద్దం పలక మీద బోర్లించి చుట్టూ సన్నటి ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడాలి. దూరితే హెడ్డు వంగింది. ప్లగ్గు మర చెడిందేమో చూడాలి. వాల్వులు పేస్టు పెట్టి నూరిన తర్వాత పోర్టులో కిరోసిన్ పోస్తే లోపలికి కారకూడదు. క్యామ్, రాకర్లు కొంటే ఒకే ఇంజనువి జతగా కొనాలి. ఒకదానికి ఒకటి అరిగి సర్దుకున్నవి అవి, వేరే ఇంటి రాకరు తెచ్చి పెడితే రెండూ గీకుకుంటాయి. టైమింగ్ చైన్ కొత్తదే వేయండి. గేర్లు మాత్రం పాతవి హాయిగా వేయొచ్చు, అదీ జతగానే. గేరు పక్కన పొడుచుకొచ్చిన దంతాల మూలలు గుండ్రంగా అరిగితే ఎత్తు ఎక్కేటప్పుడు గేరు జారుతుంది.

ఇప్పుడు అలసిపోయే సామాను దగ్గరికి వద్దాం. బైండింగ్ తీగను చేత్తో అటూ ఇటూ వంచండి. పది సార్లు వంచినా ఏమీ కనబడదు. ఆ తర్వాత ఒక్కసారిగా తెగుతుంది. కనెక్టింగ్ రాడ్డు బతుకూ అంతే. ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుంటే రాడ్డు గంటకు 3 లక్షల సార్లు పైకీ కిందికీ గుంజబడుతుంది. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కి.మీ. రెండు గంటల ప్రయాణంలో 6 లక్షల సార్లు. పాత సామాన్ల కుప్పలో దొరికిన రాడ్డు ఎన్ని కోట్ల సార్లు గుంజబడి వచ్చిందో చెప్పేవాడు లేడు. కడిగి, నూనె రాసి పెడితే కొత్తదానిలాగే మెరుస్తుంది.

మన క్రాంకునే పరీక్షించుకోవాలి. రాడ్డును పట్టుకొని నిలువుగా పైకీ కిందికీ లాగితే ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కకు కొద్దిగా కదలడం సహజం, దానికి భయపడి మార్చకండి. నిలువు ఆట ఉంటే కొత్త రాడ్డు కిట్టు, అంటే రాడ్డు, పిన్ను, బేరింగు కలిపి తెచ్చి ప్రెస్ మీద ఎక్కించి, డయల్ గేజ్‌తో క్రాంకు సూటిగా ఉందో లేదో చూపించుకోవాలి. సుత్తితో కొట్టి సరిచేసి "అయిపోయింది" అనే చోట చేయించొద్దు. క్రాంకు బేరింగులు కూడా కొత్తవే. మిగతా ఖర్చు ముందు వాటి ధర చిన్నది, మళ్లీ ఇంజన్ విప్పే కూలి పెద్దది.

దీనిలో పట్టుదల ఎందుకంటే, రాడ్డు విరిగినా, పిస్టన్ పట్టేసినా ఇంజన్ అక్కడికక్కడే బిగుసుకుంటుంది. వెనుక చక్రం తిరగడం ఆగి జారుతుంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటులో మలుపు మీద, వెనుక భార్యా పిల్లలు కూర్చొని ఉండగా అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. నడుస్తున్న బండి ఇంజన్ ఒక్కసారిగా మూలిగి బరువెక్కినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టేయండి. చక్రం విడివడుతుంది, బండి చేతికి వస్తుంది.

ఆర్.ఎక్స్.100 ఉన్నవాళ్లకు రెండు మాటలు. 1996లోనే దాని తయారీ ఆగిపోయింది కాబట్టి సామాన్ల మీద మోజు ఎక్కువ, మోసమూ ఎక్కువ. అది టూ స్ట్రోక్ బండి. క్రాంకు పక్కనున్న ఆయిల్ సీలు కారితే ఆయిలు పోవడమే కాదు, బయటి గాలి లోపలికి చొరబడి పెట్రోలు పాలు తగ్గి వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. బోరుకు వేలు ఖర్చుపెట్టి సీలు దగ్గర పిసినారితనం చేసేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

కొనేచోటు గురించి. జిల్లా కేంద్రంలోని పాత సామాన్ల దుకాణాల్లో దొరకకపోతే హైదరాబాద్ పోతాం. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొత్త స్పేర్లు దొరుకుతాయి, జుమేరాత్ బజార్‌లో పాతవి దొరుకుతాయి. మన పాత సామాను సంచిలో వేసుకొని పోవాలి, పక్కన పెట్టి పోల్చి చూడాలి, చీటీ రాయించుకోవాలి. ధరలు రాయడం లేదు, దుకాణం దుకాణానికీ మారతాయి.

కానీ నంబరు ఉన్న ఇంజన్ కేసు విడిగా కొనే ముందు ఆగండి. ఇంజన్ నంబరు కొట్టి ఉండేది దాని మీదే, అదే నంబరు ఆర్.సి.లో ఉంటుంది. ఇంజన్ మారిస్తే ఆ వివరం ఆర్.టి.ఏ. ఆఫీసులో ఎక్కించుకోవాలి, 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఈ మార్పుల గురించే. నంబరు గీకేసిన కేసు, అమ్మినవాడి కాగితం లేని కేసు ఎంత చవకైనా ముట్టుకోవద్దు. దొంగ సొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం. రోడ్డు మీద తనిఖీలో నంబరు కలవకపోతే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మనం. ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టుకుంటున్న పిల్లలు ఈ రొంపిలో దిగితే పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతారు. ఇంకొకటి, ఇంజన్ విప్పకముందే ఆర్.సి. తారీఖు చూడండి. ఏపీ 24, ఏపీ 22 నంబర్ల బండ్లలో చాలావాటికి 15 ఏళ్లు నిండాయి, రెన్యువల్ కావాలి. అది కాని బండికి ఇంజన్ పని చేయించడం ఎండిన బావికి మోటారు బిగించడమే.

అన్నీ బిగించాక పెట్రోలు పైపులు, కార్బురేటర్ రబ్బర్లు కూడా మార్చండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ పాలు పెరిగింది, ఏళ్లనాటి రబ్బరుకు అది పడదు. కొత్త ఎయిర్ ఫిల్టర్ తప్పనిసరి. మొదటి 500 కి.మీ. ఒక్కరే ఎక్కండి, గడ్డి మోపులు వేయకండి, ఒకే వేగంతో సాగదీయకుండా ఎక్కిస్తూ తగ్గిస్తూ నడపండి. తర్వాత ఆయిల్ తెల్లటి గిన్నెలోకి దించి ఎండలో వంచి చూడండి. సన్నటి బూడిదరంగు మెరుపు కొద్దిగా ఉంటే కొత్త రింగులు సర్దుకుంటున్నాయి. గోటికి తగిలే రేకు ముక్కలు వస్తే బండి కదిలించకుండా మేస్త్రీని అక్కడికే పిలవండి.